ఏదో ఒక చేదు రాయండి

చిన్నపిల్లల పళ్ళ డాక్టరంటే చాలామందికి నవ్వులాట. ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర మా బంధువు ఒకాయన అందరికీ వినపడేలా, "రాలిపోయే పళ్ళకి డాక్టరెందుకమ్మా?" అని అడిగాడు. "రాలిపోయే జుట్టుకి మీరు రంగెందుకు వేస్తున్నరు బాబాయ్?" అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. పెద్దగా నష్టమేమీ జరగలేదు.

నేను రిటైరయ్యాక, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తుంటారు. "మీ సర్వీసులో అన్నిటికన్నా గుర్తుండిపోయిన కేసేది మేడం?" అంటారు. దవడ విరిగిన పిల్లాడి సంగతో, పెద్ద ఆపరేషన్ సంగతో చెబుతాననుకుంటారు. నేను బొటనవేలు చీకే నాలుగేళ్ళ పాప గురించి మొదలుపెడతాను. వాళ్ళ మొహాల్లో కాస్త నిరాశ కనబడుతుంది. కాసేపయ్యాక అది ఉండదు. సరే, మీరూ వినండి.

అప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక ప్రైవేటు పళ్ళ ఆస్పత్రిలో పనిచేసేదాన్ని. కింద కోచింగ్ సెంటరు, పైన మేము. యజమాని మా పెద్ద డాక్టరు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి. చేతిపని గొప్పది, మాట మాత్రం తొందర. నాకు సాయంగా ఉండే అసిస్టెంటు చంపాపేట నుంచి వచ్చేది. నల్లగొండ దగ్గర పల్లె ఆమెది. ఆదివారం చర్చి మానేది కాదు, తెలంగాణ ఉద్యమం మీటింగూ మానేది కాదు. నాదీ ఆ జిల్లాయే. పేషెంట్లలో సగంమంది కోస్తా వాళ్ళు, సగంమంది ఇక్కడివాళ్ళు. వార్తలు పెడితే వెయిటింగ్ హాల్లో ఏ మాట ఎటు పోతుందోనని పెద్ద డాక్టరు టీవీలో కార్టూన్లు తప్ప ఇంకేవీ పెట్టనిచ్చేవాడు కాదు. మీసాలున్న పెద్దమనుషులు కూడా బుద్ధిగా కూర్చుని కార్టూన్లు చూసేవారు.

వేలు చీకడం చిన్న అలవాటే. కానీ నాలుగేళ్ళు దాటినా మానకపోతే పైపళ్ళు ముందుకు పొడుచుకొస్తాయి, పైవరసకీ కిందివరసకీ మధ్య సందు పడుతుంది. మాన్పించడానికి నాకొక పద్ధతి ఉండేది. తిట్టకూడదు, కొట్టకూడదు, నలుగురిలో పెట్టి నవ్వకూడదు. మానాలని పిల్లకే అనిపించాలి. పడుకునేముందు మోచేతికి మెత్తటి గుడ్డ వదులుగా చుడితే నిద్రలో చెయ్యి నోటిదాకా పోదు. పొద్దున లేచాక వేలు పొడిగా ఉంటే ఒక బొమ్మ స్టిక్కరు. అంతే. నెలలు పడుతుంది గానీ పనిచేస్తుంది. పిల్లలకు ఓపిక ఉంటుంది, లేనిది తల్లిదండ్రులకే.

పెద్ద డాక్టరుకు కూడా అంత తీరిక ఉండేది కాదు. తలుపు దగ్గర నిలబడి, అప్పటికే తర్వాతి పేషెంటును పిలుస్తూ, "ఏదో ఒక చేదు రాయండమ్మా, అదే మానేస్తుంది" అని పంపించేసేవాడు. నేను గొడవపడేదాన్ని. "సార్, పిల్లలు అదే వేలుతోని కండ్లు నలుపుకుంటరు. ఎవరింట్ల ఏం రాస్తరో మనకేం తెలుసు?" అనేదాన్ని.

"వేపనూనె రాస్తారు, కాకరకాయ రసం రాస్తారు. ఇంకేం రాస్తారండీ? ప్రాక్టీసు పెట్టినప్పట్నుంచీ చెబుతున్నా, ఎవరికేమైంది?" అనేవాడు.

నిజమే, ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే నా మాట చెల్లేది కాదు.

ఈ పాప వాళ్ళది ఎల్‌బీ నగర్ దగ్గర ఒక కాలనీ. గోదావరి వైపు కుటుంబం. తండ్రిది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, తల్లి ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పేది, నానమ్మ వాళ్ళతోనే ఉండేది. పాప మహా మాటకారి. కుర్చీ ఎక్కగానే స్టిక్కర్ల అట్ట లాక్కుని ఏనుగును వెతుక్కునేది. "ఈసారి పులిని తీసుకోవే" అంటే, "పులికి తొండం లేదు కదా ఆంటీ" అని నాకే బుద్ధి చెప్పేది. వారానికి మూడు నాలుగు ఏనుగులు సంపాదిస్తూ మెల్లగా దారికి వస్తోంది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బళ్ళు మూశారు, బస్సులు ఆగిపోయాయి, ఆటోలు తిరిగితే తిరిగినట్టు. ఏం తోచక ఇంట్లో కూర్చున్న పిల్లలకు పాత అలవాట్లన్నీ తిరగబెట్టాయి. మా పాప రోజంతా వేలు నోట్లోంచి తియ్యడం లేదని తల్లి ఫోన్ చేసింది. ఓపిక పట్టమన్నాను. ఆమెకు ఆగబుద్ధి కాలేదు. ఒకరోజు నేను సెలవులో ఉండగా పాపను తీసుకొచ్చి పెద్ద డాక్టరుకు చూపించుకుంది. ఆయన అలవాటైన మాట చెప్పి పంపించాడు.

మళ్ళీ వాళ్ళు వచ్చింది ఒక బంద్ రోజున. తండ్రి సందుల్లోంచి సందుల్లోకి బండి నడుపుకుంటూ తీసుకొచ్చాడు. తల్లి లోపలికి వస్తూనే, "మానేసిందండీ డాక్టరు గారూ! అసలు నోట్లో పెట్టుకుంటే ఒట్టు" అంది సంబరంగా. నాకూ సంతోషమేసింది. పాపను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. లైటు వేయగానే మొహం పక్కకు తిప్పేసుకుంది.

"కండ్లేంది ఇట్లున్నయ్?" అన్నాను.

"అదేనండీ, ఆమధ్య ఇక్కడ గ్యాస్ కొట్టారు కదా. బట్టలు కొందామని వచ్చి మధ్యలో ఇరుక్కుపోయాం," అన్నాడు తండ్రి. "అప్పట్నుంచీ నలుపుకుంటూనే ఉంది. గ్యాసే కదా, అదే తగ్గుతుందని ఊరుకున్నాం."

ఆ రోజుల్లో ఇది వింత మాట కాదు. మా ఆస్పత్రి కిటికీల్లోంచి కూడా టియర్ గ్యాస్ వచ్చేది. ముక్కులకు తడిగుడ్డ కట్టుకుని పళ్ళు పీకిన రోజులున్నాయి. కాబట్టి నేనూ నమ్మాను. స్టిక్కర్ల అట్ట తీసి పాప ఒళ్ళో పెట్టి, "వేలు మానేసినవ్ గద, ఇయ్యాల ఎన్ని కావాల్నంటే అన్ని తీసుకో" అన్నాను.

పాప అట్టను ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుంది. తర్వాత ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమింది. "ఇందులో ఏనుగు లేదా ఆంటీ?" అని అడిగింది.

ఏనుగు దాని వేలి కిందే ఉంది.

నా అసిస్టెంటు చేతిలో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తల్లికి ఇంకా అర్థం కాలేదు. "అదిగోనే, కనపడట్లేదూ?" అని నవ్వుతోంది. "అన్నీ తెల్లగా ఉన్నాయి మమ్మీ," అంది పాప, రోజూ ఉండే సంగతే అన్నట్టు. తల్లి నవ్వు ఆగిపోయింది. నేను చెయ్యి చూపించి ఎన్ని వేళ్ళో చెప్పమన్నాను. చెయ్యి ఎటుందా అని పాప మొహం అటూ ఇటూ తిప్పింది. గడప తట్టుకుని పడుతుంటే, అన్నం కంచం పక్కన చెయ్యి పెడుతుంటే ఇంట్లో వాళ్ళు అల్లరనుకున్నారట. ముగ్గురు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఒక పసిపిల్ల చూపు పోతుంటే ఎవరికీ తెలియలేదంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

తండ్రి ఒక్కసారిగా లేచి నా అసిస్టెంటు మీద విరుచుకుపడ్డాడు. "చూశారా? ఇదండీ మీ ఉద్యమం! నాలుగేళ్ళ పిల్ల మీకేం అన్యాయం చేసింది?"

ఆమె ఊరుకునే మనిషా? "గ్యాస్ గొట్టింది పోలీసోళ్ళు సార్, నేను గాదు. మా తమ్ముని కండ్లు గూడ మండినయ్. గంత గొడవల పిల్లను తీస్కొని బట్టలు కొననీకి ఎందుకొచ్చిండ్రు?"

"ఎక్కడికి వెళ్ళాలో కూడా మీరే చెప్తారా మాకు?"

"ఇద్దరు నోర్లు ముయ్యుండ్రి!" అని అరిచాను. అరిచాకగానీ నా బుర్ర పనిచెయ్యలేదు. "ఆ రోజు మీరు గూడ పాప పక్కనే ఉన్నరు గద. మీ కండ్లకేం కాలేదా?"

"మాకు సాయంత్రానికల్లా తగ్గిపోయింది," అన్నాడు తండ్రి.

మరి ఆ గ్యాస్ ఒక్క పిల్ల కళ్ళలోనే ఎందుకుండిపోయింది? ఈ అరుపులకు పాప బెదిరి, ఏడుపు మొహం పెట్టింది. బొటనవేలు నోటిదాకా తీసుకెళ్ళి, అక్కడ ఆగి, మొహం చిట్లించి, అదే చేత్తో కళ్ళు నలుపుకుంది. ముందు ఒకటి, తర్వాత రెండోది.

గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను. వేలు జిగురుగా ఉంది. గోరు పక్కన చర్మం పాలిపోయి పొట్టు లేస్తోంది. "వేలుకేం రాస్తున్నరు?" అన్నాను.

"ఏదో ఒక చేదు రాయమని మీ సారే చెప్పారుగా," అంది తల్లి. "షాపులు లేవు కదండీ, మా అత్తయ్యగారే ఏదో చూసి రాస్తున్నారు. నేను అడగలేదు."

అప్పటికప్పుడు ఆవిడకు ఫోన్ చేయించి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టించాను. నానమ్మ గొంతు మంచి హుషారుగా ఉంది. "జిల్లేడు పాలమ్మా! మన పెరట్లో తెల్లజిల్లేడే. పొద్దునా సాయంత్రం ఓ చుక్క రాస్తున్నా. మూడు రోజులకే మానేసిందిగా! డాక్టరమ్మ గారికి చెప్పు, మిగతా పిల్లలక్కూడా చెబుతారు."

తలుపు దగ్గర పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో తెలియదు, మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, ఆ పాలు కంట్ల పడితే ఏమైతదో తెల్వదా?" అన్నాను ఫోనులోకి.

"అదేంటమ్మా అలాగంటావు? రథసప్తమికి నెత్తిమీద పెట్టుకుని స్నానం చేసే ఆకు. వినాయకుడి పూజలో పెట్టే ఆకు. కాల్లో ముల్లు దిగితే మా అమ్మ ఆ పాలే వేసేది. దేవుడికి పనికొచ్చింది పిల్లకి పనికిరాదా?"

తండ్రి ఫోను లాక్కుని కట్ చేశాడు.

మా ఊళ్ళో ఒకాయన పొలంలో జిల్లేడు నరుకుతుంటే పాలు కంట్లో పడి, నెలల తరబడి మసకలోనే ఉండిపోయాడు. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, అదే దాని దుర్మార్గం. పాప కళ్ళూ చెయ్యీ శుభ్రంగా కడిగి, ఎల్‌బీ నగర్‌లో తెలిసిన కంటి ఆస్పత్రికి ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మన్నారు. తీరా చూస్తే తండ్రి కదలడం లేదు.

"కొత్తపేట దగ్గర రోడ్డు మీద వంటావార్పు జరుగుతోందండీ. వచ్చేటప్పుడే చూశాను. నేను నోరు తెరిస్తే ఎక్కడివాడినో తెలిసిపోతుంది. రేపు పొద్దున్నే వెళ్తాం."

నాకు ఒళ్ళు మండింది. "రేపటికి మీ భాష మారుతదా?" అన్నాను. నా స్కూటీ మీద తల్లినీ పాపనూ ఎక్కించుకున్నాను. అతని బండి మీద నా అసిస్టెంటు కూర్చుంది. ఇద్దరూ దారంతా ఒక్క మాట మాట్లాడుకోలేదట.

కొత్తపేట దగ్గర రోడ్డు మధ్యన ఇటుకల పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. పాటలు, డప్పులు, జనం. బళ్ళు కదిలే దారే లేదు. నా అసిస్టెంటు దూకి ముందుకెళ్ళింది. "అన్నా, జర తొవ్వియ్యుండ్రి! గ్యాస్ తోని పాప కండ్లు ఖరాబైనయ్, దవాఖానకు పోతున్నం!"

దారి కోసమే అలా చెప్పిందని నాకు అర్థమయింది. పనిచేసింది కూడా. కాగుతున్న గుండిగను నలుగురు పట్టుకుని పక్కకు జరిపారు. ఒక ముసలామె నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో మెడలో కండువా ఉన్న ఒక యువకుడు తల్లి ఒళ్ళోంచి పాపను లాక్కుని అందరికీ కనపడేలా పైకెత్తాడు. "చూడుండ్రి! పసిపిల్ల కండ్లు దీసిండ్రు!" నినాదాలు మిన్నంటాయి. ఎక్కడినుంచి వచ్చిందో ఒక టీవీ కెమెరా పాప మొహం మీదికి వచ్చింది. ఏమీ కనపడని పిల్లకు చుట్టూ అరుపులే వినపడుతుంటే గాల్లో కాళ్ళు కొట్టుకుంటూ గుక్కపట్టి ఏడ్చింది. తల్లి బొమ్మలా నిలబడిపోయింది. సాయం చేసిన చేతులే ఇంత పని చేస్తాయని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఇటియ్యి పిల్లను! గ్యాస్ గాదు, జిల్లేడు పాలు వడ్డయ్ కండ్లల్ల!" అని టీవీవాళ్ళ మైకులోనే అరిచాను.

"మేడం, మీరు గ్యాస్ గురించి చెప్పండి," అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు.

"ఏ ఊరక్కా నీది? పోలీసోళ్ళను ఎందుకు కాపాడ్తున్నవ్?" అన్నాడు కండువా అబ్బాయి.

"నల్లగొండ. ముందుగాల పిల్లనియ్యి!"

ఇచ్చాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. పొయ్యి పొగకో, నిజంగా జాలికో చెప్పలేను. ఇద్దరు కుర్రాళ్ళను మా ముందు బండి మీద పంపి, ఎల్‌బీ నగర్ దాకా దారి చేయించింది కూడా అతనే.

కంటి డాక్టరు పరీక్ష చేసి అది జిల్లేడు పాల పనేనని తేల్చింది. కంటి మీది అద్దంలాంటి పొర మసకబారిందని, మందు వేస్తే ఎడమ కన్ను బాగవుతుందని, కుడి కన్నుకు మాత్రం మాట ఇవ్వలేనని తల్లికీ తండ్రికీ ఎదురుగానే చెప్పింది. ఆ సాయంత్రం టీవీలో పాప ఏడుపు, కింద అక్షరాలు: టియర్ గ్యాస్‌కు పోయిన చిన్నారి చూపు. పక్కన నేను. నా నోరు కదులుతోంది, నా మాట మాత్రం లేదు, నినాదాలు వినిపిస్తున్నాయి.

మర్నాడు పెద్ద డాక్టరు నన్ను గదిలోకి పిలిచి, "గ్యాస్ కూడా కొంత కారణమై ఉండొచ్చు కదండీ," అన్నాడు. తండ్రి ఫోన్ చేసి, "మా అమ్మకి గ్యాసేనని చెప్పాం. ఆవిడ తట్టుకోలేదు, మీరేం అనకండి," అని బతిమాలాడు. నా అసిస్టెంటు ట్రేలో సామాన్లు సర్దుతూ, "గ్యాస్ గాదని గంత గట్టిగ చెప్పుడెందుకు మేడం? రాష్ట్రం రావాల్నా వద్దా?" అంది. తెల్లారి లేస్తే ఒకరి మాట ఒకరికి గిట్టని ముగ్గురు ఈ ఒక్క అబద్ధం దగ్గర ఒక్కటైపోయారు.

పాపకు మందు పనిచేసింది. ఎడమ కన్ను తేటపడింది, కుడి కన్ను కూడా మెల్లమెల్లగా దారికి వస్తోంది. వేలు మళ్ళీ నోట్లోకి వెళ్ళింది. "పెట్టుకోనీండి డాక్టరు గారూ, దాన్ని ఇంకేమీ అనను," అంది తల్లి. పెద్ద డాక్టరు చేదు మాట పూర్తిగా మానేశాడు. సంగతి అంతటితో ముగిసిందనుకున్నాను.

కొన్నాళ్ళకు అదే కాలనీ నుంచి ఒకామె కొడుకును తీసుకొచ్చింది. ఇక్కడి మనిషే. "వేలు బందువెట్టిండు మేడం. పండ్లు ఎట్లున్నయో జర చూడుండ్రి," అంది. వాడి చెయ్యి అందుకున్నాను. వేలు జిగురుగా తగిలింది.

"ఏం రాసినవమ్మా దీనికి?"

"మా పక్కింటి మామ్మగారు చెప్పిండ్రు, జిల్లేడు పాలు. ఆమె మనుమరాలు మూడొద్దులల్లనే ఇడిసిపెట్టిందట. పాపం, గా పిల్లకు గ్యాస్ తగిలింది గని, మందైతే మంచిదే. గిప్పుడు మా గల్లీల అందరం గదే రాస్తున్నం."

అందరం! వాడి చెయ్యి సబ్బుతో కడిగి, కళ్ళల్లోకి టార్చి వేసి చూశాను. ఇంకా ఏమీ కాలేదు. వాళ్ళను వెంటబెట్టుకుని, తెల్లకోటు కూడా విప్పకుండా పాప వాళ్ళింటికి బయల్దేరాను.

పాప తల్లి తలుపు తీసింది. నా మొహం చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. "అత్తయ్యగారికి చెప్పొద్దండీ, మీ కాళ్ళు పట్టుకుంటా," అంది గొంతు తగ్గించి. "మీ గల్లీల పిల్లలందరి వేళ్ళకు అదే ఉంది," అన్నాను. ఆమె గోడకు ఆనుకుని దారిచ్చింది.

నానమ్మ పెరట్లో ఉంది. గోడవార తెల్లజిల్లేడు మొక్కకు పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. నేను నిలబడే అంతా చెప్పాను, ఏమీ దాచలేదు. అంతా విన్నాక ఆవిడ, "మరి టీవీలో?" అంది.

"అబద్ధం."

"మా వాడికి తెలుసా?"

"మొదటిరోజే తెలుసు."

ఆవిడ తన కుడిచెయ్యి ముందుకు చాపి చాలాసేపు చూసుకుంది. ఏడుస్తుందని, కూలబడుతుందని నేను భయపడ్డాను. కొడుకు చెప్పినట్టు నిజంగా తట్టుకోలేదేమో, ఈ పెద్దావిణ్ణి నేనేమైనా చేసేశానేమో అనిపించింది. ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుంది, చెప్పులు వేసుకుంది, నన్ను దాటుకుని వీధిలోకి నడిచింది. నేను టార్చి పట్టుకుని వెనకాల పరుగెత్తాను.

మొదటి ఇంటి గేటు కొట్టి, "అమ్మాయ్, నేను చెప్పిన పాలు పిల్లకి రాయొద్దు. చెయ్యి కడుగు. పిల్లని బయటికి తీసుకురా, డాక్టరమ్మ కళ్ళు చూస్తుంది," అంది. "ఆ పాల వల్లే నా మనవరాలి చూపు పోయింది. రాసింది నేనే."

ఆ ఇల్లాలు కంగారుపడి ఆవిడ చేతులు పట్టుకుంది. "అయ్యో మామ్మగారూ, గట్లంటరేంది? గ్యాస్ తోని అని టీవీల జెప్పిండ్రు గద!"

"టీవీ వాళ్ళకేం తెలుసమ్మా? పాలు పిండింది నేను."

రెండో ఇంట్లోనూ ఓదార్చారు, మూడో ఇంట్లోనూ ఓదార్చారు. తెలంగాణ వాళ్ళూ ఓదార్చారు, కోస్తా వాళ్ళూ ఓదార్చారు. అందరూ గ్యాసేనన్నారు. ఆవిడ ఎవరినీ ఓదార్చనివ్వలేదు. నేను పిల్లల కళ్ళల్లోకి టార్చి వేస్తుంటే పక్కనే నిలబడి, బాగున్నాయని నేను అన్నాకే కదిలేది. పిల్లలు లేని ఇంటి ముందు కూడా ఆగింది. "మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు కదండీ," అన్నాడు ఆ ఇంటాయన. "మీ ఇంటికి వచ్చేవాళ్ళుంటారు కదా నాయనా," అని చేతులు జోడించి, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.